ధనుర్మాసపు తీపి పని: పిల్లలతో చక్కెర బిస్కెట్లు, గవ్వలు, సక్కరె అచ్చులు

డిసెంబరు నడిమి నుండి జనవరి నడిమి వరకు నడిచే ధనుర్మాసం మన సరిహద్దు గ్రామాలలో తీపి వంటల కాలం. వాకిట ముగ్గులు, గొబ్బెమ్మలు ఒక పక్క ఉండగా, బంగారుపేట, కోలారు గనుల ప్రాంతపు క్రైస్తవ గృహాలలో క్రిస్మస్ పిండివంటలు మొదలవుతాయి. అవి ముగిసీ ముగియక ముందే సంక్రాంతి ఎళ్ళు బెల్లానికి కొబ్బరి తరగడం, సక్కరె అచ్చులు పోయడం ఆరంభమవుతుంది. ఈ నెల రోజుల్లో ఇంట్లో పిల్లలు పొయ్యి చుట్టూ తిరగని రోజు ఉండదు. వారిని తరిమివేయడమా, చేతికి పని ఇవ్వడమా అన్నది ప్రతి తల్లికీ ఎదురయ్యే ప్రశ్నే.

పని ఇవ్వాలన్నదే ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే ఏ పని ఇవ్వాలో, ఏది ఎంతమాత్రం ఇవ్వకూడదో ముందుగా తేల్చుకోవాలి. చక్కెర వంటలలో రెండు భాగాలున్నాయి. పిండి కలపడం, ఆకారం చేయడం, అలంకరించడం ఒకటి. నూనె, పాకం, మంట రెండవది. మొదటిది పూర్తిగా పిల్లలకు వదలవచ్చు. రెండవది పూర్తిగా పెద్దలదే. ఈ హద్దు చెరిగిన ఇళ్ళలోనే పండుగ పూట చేతులు కాలుతుంటాయి.

ఈ వంటలు మన వైపు ఎలా చేరాయి

బంగారుపేటకు పూర్వనామం బౌరింగ్‌పేట. 1862 నుండి 1870 వరకు మైసూరు కమిషనరుగా ఉన్న లూయిన్ బెంథం బౌరింగ్ పేరు అది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ కోలారు గనులలో అడుగుపెట్టిన తరువాత ఈ ప్రాంతానికి నలుమూలల నుండి జనం చేరారు. చిత్తూరు వైపు నుండి తెలుగువారు, ఉత్తర ఆర్కాడు వైపు నుండి తమిళులు, చుట్టుపక్కల కన్నడిగులు, వీరితోపాటు యూరోపియన్ అధికారులు, ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు. 1902లో శివనసముద్రం నుండి జలవిద్యుత్తు గనులకు చేరింది. బంగళాలు, క్లబ్బులు, చర్చీలు చూసినవారు ఈ ఊరిని 'చిన్న ఇంగ్లండు' అని పిలిచేవారు. ఆ బంగళాల వంటింటి పద్ధతులు పక్క వీధులకు చేరడం సహజం.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ మూతపడింది. మారికుప్పం, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్ కాలనీల వారెందరో బెంగళూరుకు రోజూ రైలులో వెళ్ళి వస్తున్నారు. కొందరు అక్కడే స్థిరపడ్డారు. తెల్లవారుజామున వెళ్ళి రాత్రికి తిరిగివచ్చే తల్లిదండ్రులకు నెల రోజులపాటు పిండివంటలు చేసే తీరిక ఎక్కడిది? బేకరీ డబ్బా కొని తేవడం తేలిక. అందుకే ఈ వ్యాసంలో ఒక ఆదివారం పూటలో ముగిసే కొలతలనే ఇస్తున్నాము.

ఒక విశేషం ఇక్కడ చెప్పుకోవాలి. పరాయివని మనం అనుకునే క్రిస్మస్ తీపి వస్తువులలో రెండు మనకు ముందే తెలిసినవి. ఆంగ్లో-ఇండియన్ల 'కల్‌కల్' ఆకారంలో మన గవ్వలే. 'రోజ్ కుకీ' అని వారు పిలిచేది మన గులాబీ పువ్వు. అచ్చప్పం అని కేరళలోను, అచ్చు మురుకు అని తమిళనాడులోను పిలిచేది దానినే. ఇక ఓవెనులో కాల్చే చక్కెర బిస్కెట్టుకు దగ్గరి చుట్టం మన బేకరీలలో దొరికే బెణ్ణె బిస్కెట్టు.

ఎవరికి ఏ పని

మూడు నుండి ఐదేళ్ళ వారికి పిండి ముద్ద చేతికిచ్చి ఉండలు చేయించవచ్చు. చక్కెర పొడి జల్లెడ పట్టించవచ్చు. ఆరిన బిస్కెట్టుపై నువ్వులు చల్లించవచ్చు. ఆరు నుండి తొమ్మిదేళ్ళ వారు తూకం వేయగలరు, గవ్వలు ఒత్తగలరు, ఆకారాలు కోయగలరు, కోనుతో గీతలు గీయగలరు. పదేళ్ళు దాటినవారు పిండి కలిపి, అప్పడాల కర్రతో పలుచగా వత్తి, లెక్క రాసి, చిన్నవారిని అదుపులో పెట్టగలరు. నూనె మూకుడు, పాకం గిన్నె, వేడి పళ్ళెం మాత్రం పన్నెండేళ్ళ లోపు ఎవరి చేతికీ ఇవ్వరాదు. ఆ తరువాత కూడా పెద్దలు పక్కన నిలబడినప్పుడే.

వేడి పాకం విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. మరిగే నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉంటుంది. ముదురుతున్న పాకం అంతకు పది, పదిహేను డిగ్రీలు మించుతుంది. పైగా నీటివలె జారిపోదు, చర్మానికి అంటుకొని ఉంటుంది. అందువలన పొయ్యి దగ్గర నేలపై సుద్దముక్కతో ఒక గీత గీయండి. పొయ్యి వెలిగినంతసేపు పిల్లలు గీతకు ఇవతలే ఉండాలి. నేల మీద పొయ్యి పెట్టి వండే ఇళ్ళలో ఈ గీత మరింత దూరంగా ఉండాలి. లక్ష్మణుని గీత కథ తెలియని పిల్లవాడు మన ఊళ్ళలో ఉండడు కనుక ఎక్కువ వివరించవలసిన పని ఉండదు.

గవ్వలు, లేదా కల్‌కల్

మైదా 400 గ్రాములు, బొంబాయి రవ్వ 100 గ్రాములు, చక్కెర పొడి 100 గ్రాములు, కరిగించిన నెయ్యి 50 గ్రాములు, చిటికెడు ఉప్పు తీసుకోవాలి. నెయ్యిని పిండికి బాగా పట్టించి, చిక్కని కొబ్బరిపాలు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటె కొంచెం గట్టిగా కలపాలి. సుమారు 200 మిల్లీలీటర్ల పాలు పట్టవచ్చు. పిండిని బట్టి మారుతుంది కనుక ఒకేసారి పోయవద్దు. తడిబట్ట కప్పి అరగంట ఉంచితే రవ్వ నాని పిండి సాగుతుంది.

తరువాతి పని అంతా పిల్లలదే. రేగిపండంత ఉండను గవ్వల పీట మీద పెట్టి బొటనవేలితో నొక్కి ముందుకు లాగితే అది తనంతట తానే చుట్టుకుంటుంది. పీట లేనివారు ఫోర్కు వీపు భాగం గాని, ఇంతవరకు తలకు వాడని కొత్త దువ్వెన గాని కడిగి వాడవచ్చు. గవ్వ మీద పడే చారలు అందానికి మాత్రమే అనుకోకండి. పాకం నిలిచేది ఆ గాళ్ళలోనే. చుట్టు మరీ మందమైతే లోపల పచ్చిగా మిగులుతుంది. మొదటి పది గవ్వలు వంకరగా వస్తాయి. రానివ్వండి. ఇరవయ్యవ గవ్వకు వేలు దానంతట అది నేర్చుకుంటుంది.

పెద్దలు మధ్యస్థమైన మంటపై, ఒక్కొక్క వాయకు గుప్పెడు మించకుండా, బంగారు వన్నె వచ్చేవరకు వేయించాలి. మంట హెచ్చితే పైన రంగు వస్తుంది, లోపల ఉడకదు. 250 గ్రాముల చక్కెరకు 75 మిల్లీలీటర్ల నీరు పోసి తీగపాకం వచ్చాక దించి, ఆరిన గవ్వలను అందులో వేసి గరిటెతో కలుపుతూ ఉంటే పాకం తెల్లబడి పొడిగా అంటుకుంటుంది. చక్కెరకు మారుగా బెల్లం వాడితే గోదావరి జిల్లాల బెల్లం గవ్వల రుచి వస్తుంది. అప్పుడు తెల్లని పూత రాదు, నిగనిగలాడే పూత వస్తుంది.

గులాబీ పువ్వులు

ఇందులో పిల్లల పని తక్కువ. ఇనుప అచ్చును కాగిన నూనెలో వేడిచేసి, మైదా, బియ్యప్పిండి, చక్కెర, కొబ్బరిపాలు కలిపిన జారుపిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టాలి. కొందరు గుడ్డు కూడా కలుపుతారు. అచ్చు ముప్పాతిక వంతే మునగాలి. పై అంచు కూడా మునిగితే పువ్వు ఊడిరాదు. పిల్లలచేత పిండి గిలక్కొట్టించడం, నువ్వులు కలిపించడం, చివరకు లెక్కపెట్టించడం వరకే ఉంచండి. అచ్చు చూడడానికి బొమ్మవలె ఉంటుంది, చిన్నవారికి పట్టుకోవాలనిపిస్తుంది. పని ముగిసిన తరువాత కూడా అది చాలాసేపు వేడిగా ఉంటుందన్నది పెద్దలు మరువకూడదు.

వెన్న బిస్కెట్టు: పిల్లల చేతికి పూర్తిగా వదలగల వంట

కాల్చే పని తప్ప మొదటి నుండి చివరి దాకా పిల్లలు చేయదగినది ఇదే. నూనె లేదు, పాకం లేదు. కొలత కూడా గుర్తుంచుకోవడం సులభం: చక్కెర ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు. అంటే 100 గ్రాముల చక్కెర పొడి, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా. నిష్పత్తి పాఠం నలుపు బల్ల మీద ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని పిల్లవాడు తక్కెడ ముందు నిలబడినప్పుడు సులువుగా పట్టుకుంటాడు. 'అరకిలో మైదా ఉంటే వెన్న ఎంత కావాలి?' అని అడిగి చూడండి.

కోలారు జిల్లా పాడికి పేరుపడినది కనుక వెన్నకు మనకు కరవు లేదు. ఇంటి వెన్న వాడేవారు మజ్జిగ నీరు పూర్తిగా పిండివేయాలి. తేమ మిగిలితే బిస్కెట్టు కరకరలాడదు. ఉప్పు లేని వెన్న అయితే పిండిలో చిటికెడు ఉప్పు కలపండి. చలికాలంలో వెన్న గడ్డకట్టి ఉంటుంది. ఒక గంట ముందుగా బయట పెడితే చాలు, పొయ్యిపై కరిగించకూడదు. కరిగిన వెన్నతో చేసిన పిండి కాల్చేటప్పుడు పరుచుకుపోయి, చేప ఆకారం కోసినది దోసెవలె తయారవుతుంది.

వెన్నను, చక్కెర పొడిని తెల్లబడేవరకు చేతితో గిలకరించి, మైదా జల్లించి కలిపి, ముద్ద చేయాలి. మైదా వేసిన తరువాత చపాతీ పిండివలె పిసకరాదు. పిసికిన కొద్దీ సాగే గుణం పెరిగి బిస్కెట్టు గట్టిబడుతుంది. వంట సోడా కూడా వద్దు. పొంగకుండా ఉంటేనే కోసిన ఆకారం నిలుస్తుంది. ముద్దను అరగంట చల్లని చోట ఉంచి, రెండు ప్లాస్టిక్ కాగితాల నడుమ పెట్టి, అర సెంటిమీటరు మందంగా వత్తాలి.

కోయడానికి బజారు అచ్చులే అవసరం లేదు. స్టీలు గ్లాసు అంచుతో గుండ్రం, సీసా మూతతో చిన్న చుక్క వస్తాయి. చక్రం ముందుగా కోసి, దానిలో మూతతో పక్కకు నొక్కితే నెలవంక. నక్షత్రం, గాలిపటం, చెరకు గడ, ఎద్దు తల కావాలంటే అట్టముక్కపై పిల్లలే బొమ్మ గీసి కత్తిరించి, ఆ అట్టను పిండిపై పెట్టి చుట్టూ మొండి కత్తితో కోయాలి. సన్నని కొమ్ములు, పొడవాటి కాళ్ళు ఉన్న బొమ్మలు కాలే లోపు మాడి విరుగుతాయి కనుక ఆకారం కొంచెం బొద్దుగా ఉండాలి. ఈ కొలతకు చిన్న బిస్కెట్లు సుమారు 40 వస్తాయి.

ఓవెన్ ఉన్నవారు 170 డిగ్రీల వద్ద 12 నుండి 15 నిమిషాలు కాల్చాలి. అంచులు లేత బంగారు రంగు తిరగగానే తీయాలి. మధ్యభాగం మెత్తగా ఉన్నట్లు కనిపించినా చల్లారితే గట్టిపడుతుంది. ఓవెన్ లేనివారే మన గ్రామాలలో ఎక్కువ. వారు అడుగు మందమైన పాత గిన్నెలో ఒక అంగుళం మందాన రాతి ఉప్పు గాని, కడిగి ఎండబెట్టిన ఇసుక గాని పోసి, దానిపై చిన్న ముక్కాలి పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడెక్కించాలి. తరువాత బిస్కెట్లు పేర్చిన పళ్ళెం లోపల పెట్టి సన్న మంటపై 20 నుండి 25 నిమిషాలు ఉంచాలి. ఒక్కొక్క వాయకు ఐదారు మాత్రమే పడతాయి. కుక్కరు వాడితే రబ్బరు పట్టీ, విజిల్ రెండూ తీసివేయాలి. నీరు లేని కుక్కరును బిగించి మూయడం ప్రమాదకరం. పరిచయమున్న బేకరీవారిని అడిగితే వారి పొయ్యి చల్లారే వేళకు మన పళ్ళెం పెట్టనిచ్చినా ఇవ్వవచ్చు, అడగడంలో తప్పులేదు.

పూత, గీతలు, రంగులు

పూర్తిగా చల్లారిన బిస్కెట్టుపైనే అలంకారం చేయాలి. వేడి మీద పూస్తే పూత కరిగి జారిపోతుంది. బజారు ఐసింగులో పచ్చి గుడ్డు తెల్లసొన వాడేవారున్నారు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే రోగకారక క్రిమి ఉండే అవకాశముంది కనుక పిల్లలకు అది వద్దు. 150 గ్రాముల మెత్తని చక్కెర పొడికి ఒకటిన్నర పెద్ద చెంచాల పాలు, నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. చక్కెరను ఒక చెంచా కార్న్‌ఫ్లోరుతో కలిపి మిక్సీలో వేసి, వస్త్రంతో జల్లిస్తే గీత తెగకుండా వస్తుంది. కాల్చని మైదా ముద్దను కూడా పిల్లలు నోట పెట్టకుండా చూడాలి.

గోరింటాకు కోను చేయడం తెలిసిన ఆడపిల్లలు ప్రతి ఇంటా ఉంటారు. అదేవిధంగా వంటకు వాడే వెన్న కాగితంతో కోను చుట్టి, పూత నింపి, కొన సన్నగా కత్తిరించాలి. ముగ్గు వేసే పద్ధతే ఇక్కడా వర్తిస్తుంది. మొదట చిక్కని పూతతో చుట్టూ గట్టు వేయాలి. అది ఆరిన తరువాత, ఇంకొక అర చెంచా పాలు కలిపి పలుచన చేసిన పూతను లోపల నింపాలి. గట్టు లేకుండా నింపితే అంచు దాటి కారుతుంది. ఐదు చుక్కల ముగ్గు గుండ్రని బిస్కెట్టు మీద చక్కగా అమరుతుంది. ధనుర్మాసంలో వాకిట తల్లి వేసిన ముగ్గును బిస్కెట్టుపై దించమని పిల్లలకు చెప్పి చూడండి, గంటసేపు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది.

రంగుల విషయంలో ఉదాసీనత పనికిరాదు. సంతలో చిన్న పొట్లాలలో, పేరు, తయారీదారు వివరాలు లేకుండా అమ్మే రంగు పొడులను ఇంట్లోకి రానీయకండి. బట్టలకు వేసే రోడమిన్-బి, మెటానిల్ పసుపు వంటివి తినదగినవి కావు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం పీచు మిఠాయిలో, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. అంతకు ముందు నెలలోనే తమిళనాడు రంగుల పీచు మిఠాయి అమ్మకాన్ని నిలిపివేసింది. తిరునాళ్ళలో పిల్లలు మొదట పరుగెత్తేది దాని దగ్గరకే కదా. మన దేశంలో ఆహారానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు 8 మాత్రమే. వాటికీ పరిమితి ఉంది. కొనవలసి వస్తే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. సంఖ్య, రంగు పేరు ముద్రించిన సీసానే కొని, అగ్గిపుల్ల కొనతో అంటినంతే వాడండి.

పెరటి రంగులు ఉండగా సీసాల అవసరం అంతగా ఉండదు. బీటురూటు తురిమి పిండిన రసం రెండు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. అయితే అది వేడికి గోధుమవన్నెకు తిరుగుతుంది కనుక పిండిలో వేయక పూతలోనే వేయాలి. పసుపు వేడికి నిలుస్తుంది, చిటికెలో పదవ వంతు చాలు. పాలకూర రసం ఆకుపచ్చ. శంఖుపూలను వేడినీటిలో నానబెడితే నీలం వస్తుంది, దానిలో నిమ్మరసం పడగానే ఊదారంగుకు మారుతుంది. పసుపు నీటిలో వంట సోడా వేస్తే ఎరుపెక్కుతుంది. ఈ రెండింటినీ గాజు గ్లాసులలో చేసి చూపితే ఆమ్ల, క్షార పాఠం పండుగ పూటే పూర్తవుతుంది.

సక్కరె అచ్చులు

సంక్రాంతికి కర్ణాటకలో ఎళ్ళు బెల్లంతో పాటు పంచే చక్కెర బొమ్మలివి. తెల్ల నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి ముక్కలు, వేరుసెనగలు, వేయించిన సెనగపప్పు కలిపినది ఎళ్ళు బెల్ల. పళ్ళెంలో దానితోపాటు చెరకు ముక్క, అరటిపండు, ఒక సక్కరె అచ్చు పెట్టి, 'ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి' అంటూ ఆడపిల్లలు ఇంటింటికీ తీసుకువెళతారు. నువ్వులు బెల్లం తిని మంచి మాటలాడమని దాని భావం. కుప్పం, పలమనేరు వైపు నుండి కోడళ్ళుగా వచ్చినవారికి మొదటి సంక్రాంతికి ఇది కొత్తగా ఉన్నా, అచ్చు బొమ్మ మాత్రం కొత్త కాదు. కోస్తా జిల్లాలలో శుభకార్యాలకు సారెలో పెట్టే పంచదార చిలకలు ఈ కుటుంబానికి చెందినవే. తెలంగాణలో హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లూ అంతే.

అచ్చు రెండు గాని మూడు గాని కొయ్య పలకల జత. లోపలి వైపు చిలుక, ఏనుగు, తులసి కోట, రథం వంటి ఆకారాలు తొలిచి ఉంటాయి. పోసే ముందు పలకలను కొన్ని గంటలపాటు, వీలైతే రాత్రంతా, నీటిలో నానబెట్టాలి. ఎండిన కొయ్య పాకాన్ని పీల్చుకొని బొమ్మను వదలదు. నానిన పలకలను తుడిచి, జతచేసి, దారంతో గాని రబ్బరు బ్యాండ్లతో గాని బిగుతుగా కట్టాలి. ఇదంతా పిల్లల పని.

పెద్దలు అరకిలో చక్కెరకు పావు లీటరు నీరు పోసి కాచాలి. మరిగేటప్పుడు రెండు చెంచాల పాలు వేస్తే మురికి తెట్టువలె పైకి తేలుతుంది. దానిని తీసివేసి, పలుచని బట్టతో పాకాన్ని వడకట్టి ఉంచుకోవాలి. బొమ్మ తెల్లదనమంతా ఈ వడపోతలోనే ఉంది. తరువాత ఆ పాకంలో ఒక చిన్న గ్లాసెడు మాత్రమే వేరొక గిన్నెలో తీసుకొని, మళ్ళీ మరిగిస్తూ కొయ్య గరిటెతో గిన్నె పక్కలను గీకుతూ కలపాలి. ఒక క్షణాన బుడగలు చిక్కబడి, పాకం పాలవలె తెల్లబారుతుంది. ఆ క్షణంలోనే అచ్చులో పోయాలి. ముందు పోస్తే గడ్డకట్టదు, ఆలస్యమైతే గిన్నెలోనే బిగుసుకుంటుంది. ఒకేసారి ఎక్కువ పాకం పెట్టుకుంటే సగం గిన్నె పాలవుతుంది. పావుగంట ఆరిన తరువాత దారం విప్పి పలకలు మెల్లగా తీస్తే బొమ్మ వస్తుంది. అంచున మిగిలిన గీర్లను పిల్లలు మొండి కత్తితో గీకవచ్చు.

ద్రవంగా ఉన్న పాకం బొమ్మగా ఎలా మారుతుందని పిల్లలు అడుగుతారు. నీటిలో పట్టదగినదాని కంటె ఎక్కువ చక్కెర అక్కడ కరిగి ఉంది. కలిపినప్పుడు సన్నని స్ఫటికాలు పుట్టి, ఒకదానిని చూసి మరొకటి అన్నట్లు క్షణాలలో పాకమంతా స్ఫటికమవుతుంది. బెల్లంతో ఈ బొమ్మలు ఎందుకు చేయరన్నది మరొక మంచి ప్రశ్న. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా కొంత ఉంటాయి. అవి స్ఫటికాలు కట్టడాన్ని అడ్డుకుంటాయి. నిమ్మరసం చక్కెరను ఆ రెండింటిగా విడగొడుతుంది కనుక, మురికి తీయడానికని నిమ్మరసం ఎక్కువ పిండినవారి బొమ్మలు మెత్తగా, జిగటగా మిగులుతాయి. మబ్బు పట్టి గాలిలో తేమ ఉన్న రోజున కూడా ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

ఎళ్ళు బెల్లం పంచేటప్పుడు ఒక జాగ్రత్త. ఐదేళ్ళ లోపు పిల్లలకు వేరుసెనగలు, గట్టి కొబ్బరి ముక్కలు గొంతుకు అడ్డుపడవచ్చు. వారికి అదే మిశ్రమాన్ని దంచి పొడిచేసి ఇవ్వండి. బిస్కెట్లపై అంటించే వెండి గుళ్ళ విషయంలోనూ అదే మాట.

సరిహద్దుకు అటు పక్క బడులలో సంక్రాంతికి వారం, పది రోజుల సెలవులుంటాయి. ఇటు కన్నడ బడులలో సాధారణంగా ఒక్క రోజే. బంధువుల పిల్లలు అటు నుండి ముందుగానే దిగుతారు కనుక అచ్చుల పని పండుగ ముందటి ఆదివారానికి పెట్టుకుంటే అందరికీ కుదురుతుంది.

చేయి కాలితే

వెంటనే కుళాయి కింద గాని, చెంబుతో ధారగా గాని చల్లని నీరు 20 నిమిషాలపాటు పోయాలి. ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ అనిపిస్తుంది, గడియారం చూసి పోయండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయాలి. అంటుకున్న పాకాన్ని పీకకూడదు, నీటికి అదే కరుగుతుంది. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, నూనె, మంచుగడ్డ ఏవీ పెట్టరాదు. తరువాత శుభ్రమైన తడిబట్ట కప్పాలి. కాలిన చోటు పిల్లవాని అరచేయి కంటె పెద్దదైనా, ముఖం మీద గాని, వేళ్ళ కీళ్ళ మీద గాని ఉన్నా, పొక్కులు లేచినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 108 సంఖ్య కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు మూడింటిలోనూ పనిచేస్తుంది. మూకుడులో నూనె అంటుకుంటే నీరు చల్లవద్దు. పొయ్యి ఆపి, మూత వేసి, కదలించకుండా వదలాలి.

పంపకం, నిల్వ

తీపి ఎంత తినాలన్నది కూడా పెద్దలే నిర్ణయించాలి. 2025 మే నెలలో సి.బి.ఎస్.ఇ. తన పాఠశాలలలో చక్కెర వాడకంపై హెచ్చరిక పలకలు పెట్టమని ఆదేశించింది. పిల్లలలో మధుమేహం పెరుగుతున్నదన్న ఆందోళన దానికి కారణం. పూతవేసిన బిస్కెట్టు రోజుకు ఒకటి, గవ్వలు గుప్పెడు అని లెక్క పెట్టుకుంటే 40 బిస్కెట్లు ఒక ఇంటికి అక్కరలేదు. పంచడానికే చేస్తున్నామని మొదటనే పిల్లలకు చెప్పండి. పొట్లాలపై పేర్లు వారి చేతనే, తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి రాయించండి. రెండు లిపులూ దగ్గరివే కాబట్టి తలకట్టు తేడాలు ఇట్టే పట్టుకుంటారు.

గుడ్డు కలిపినవి వేరే పళ్ళెంలో పెట్టి, ఆ మాట పొట్లం మీద స్పష్టంగా రాయాలి. గుడ్డు ముట్టని పొరుగింటివారికి ఆ భరోసా ఉంటేనే క్రిస్మస్ పళ్ళెం మన వీధిలో నిస్సంకోచంగా తిరుగుతుంది. వేరుసెనగ, నువ్వులు పడని పిల్లలు ఉండవచ్చు, అవి కలిసినవాటిపైనా రాయాలి.

గవ్వలు, పూతలేని వెన్న బిస్కెట్లు గాలి చొరని డబ్బాలో రెండు వారాలు నిలుస్తాయి. పాలతో పూత వేసినవి రెండు, మూడు రోజులలో తినివేయాలి. సక్కరె అచ్చులకు చీమలు తప్ప శత్రువులు లేరు, పొడి డబ్బాలో నెలలపాటు ఉంటాయి. విరిగిన బొమ్మలను పారవేయక పాలలోకి వాడుకోవచ్చు. కొయ్య పలకలను సబ్బు లేకుండా గోరువెచ్చని నీటితో కడిగి, చెక్కుళ్ళలో ఇరుక్కున్న చక్కెరను పాత బ్రష్షుతో తీసి, నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే పలక వంగి వచ్చే ఏటికి జత కుదరదు. ఆరిన తరువాత ఏ పలకకు ఏది జతో పెన్సిలుతో ఒకే అంకె వేసి, దారం చుట్టి దాచండి.